అమెరికా చరిత్రను మన బాలురకు బోధించు విధము

గవర్నరుపేటలోని యొక పఠనమందిరమున నిటీవల నొక విద్యార్థిని, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన యెన్నడు జరిగినదని యడిగితిమి. "1776 జూలై 4" అని తడువుకొనక చెప్పెను. ఆ ప్రకటనలో నేమున్నదని యడుగగా మౌనము వహించెను. దోషము బాలునిది కాదు. తేదీలను కంఠస్థము చేయించి మూలమును చూపకుండుట మన బోధనకు వాడుకయైనది.

దూరదేశపు కథ మనకేల యని కొందరందురు. ఆ దూరమెంత? 1765లో బ్రిటిషు పార్లమెంటు అమెరికా వలసలపై స్టాంపు చట్టమును మోపెను. ఆ సంవత్సరమే షా ఆలము చక్రవర్తి ఫర్మానాచే ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కెను. మన కొండపల్లి సర్కారును వానిలోనిదే. 1773 డిసెంబరులో బోస్టను రేవున నీటిపాలైన తేయాకు ఆ కంపెనీదే. 1781లో యార్కుటౌనున ఓడి సైన్యము నప్పగించిన కారన్‌వాలిసు 1786లో మన దేశమునకు గవర్నరు జనరలై వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తు నిర్ణయము చేసెను. 1802 నాటి రెగ్యులేషనుతో ఆ పద్ధతి మన సర్కారు జిల్లాలకును వ్యాపించెను. పాఠమును మన గుమ్మమునుండి యారంభించినచో బాలుడు చెవియొగ్గి వినును.

మాకు తోచిన క్రమమిది. మొదటి దినమున పటమును పరచి పై సంగతులను జతపరుపవలెను. రెండవ దినమున స్వాతంత్ర్య ప్రకటనను తెనుగున బిగ్గరగా చదివించి, రాజుపై మోపిన నేరములను బాలురచేతనే లెక్కింపజేయవలెను. మూడవ దినమున ఆ పత్రమునే సాక్షిగా నిలిపి ప్రశ్నింపవలెను: వ్రాసినదెవరు? ఎవరికొరకు? విడిచినదేమి? మనుష్యులందరు సమానులని వ్రాసిన జెఫర్సను వందలాది బానిసలకు యజమాని. బానిస వ్యాపారమును ఖండించుచు ఆయన వ్రాసిన భాగమును కాంగ్రెసు తొలగించెను. ఆ నేలకు మొదటివారైన ఆదివాసులను ఆ పత్రము నిందించినదే కాని సమానులుగా నెన్నలేదు. సాక్షి చెప్పినది వినుటయే కాదు, చెప్పక దాచినది కనిపెట్టుటయు విచారణయే. న్యాయస్థానమున మేమనుదినము చేయునదిదియే.

ఆంధ్రులకిది క్రొత్త మార్గము గాదు. విజ్ఞానచంద్రికా మండలి 1907లో ప్రకటించిన తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. అమెరికా కథలో బానిస సంకెల తెగిన ఘట్టమునే మన పెద్దలు ముందుగా నెన్నుకొనిరి. మరుసటి యేడు, 1908లో, బెజవాడనుండి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకుగాను ఆ గ్రంథకర్తయే కారాగారమునకేగెను. 1914లో ఇచ్చటి రామమోహన గ్రంథాలయమున గ్రంథాలయ సభ జరిపిన వారి యాశయమును, తెనుగు చదువరి తన బుద్ధితో తాను విచారింపవలెననియే.

వాషింగ్టనును, జెఫర్సనును పూజింపుడని మేము చెప్పము, దూషింపుడనియు చెప్పము. వారి ధైర్యమును గ్రహించి, వారి లోపమును గుర్తింపుడు. 1947లో మనకును స్వాతంత్ర్యము వచ్చినది. 1950లో రాజ్యాంగము వచ్చినది. పరుల ప్రకటనలో బానిసను వెదకనేర్చిన బాలుడే మన ప్రకటనలలో వెలివాడ మనుష్యుని, కౌలురైతును వెదకును. ఉపాధ్యాయులారా! తేదీని చెప్పుడు; కాని తేదీతో పాఠమును ముగింపకుడు.