కడగకముందే

2020 అక్టోబర్ 14 పొద్దున హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ నుంచి చిన్నమ్మ వీడియో కాల్ చేసింది. ఇక్కడ టెక్సస్‌లో మాకు అప్పటికింకా 13వ తేదీ రాత్రి. తెర మీద ఆమె ముఖం కంటే ముందు నీళ్లు కనిపించాయి. హాల్లో మోకాళ్ల లోతు మట్టినీళ్లు, వాటి మీద తేలుతున్న పరుపు, చెప్పులు, బియ్యం డబ్బా మూత. రాత్రి ఇంకా పైకొచ్చి దిగాయట. ఇద్దరం ఏడ్చాం. మర్నాడు మాట్లాడేసరికి నీళ్లు పోయాయి. చీపుర్లు, బకెట్లతో వాడకట్టు ఆడవాళ్లంతా సాయమొచ్చి ఇల్లు కడుగుతున్నారు. "పండుగ పది రోజులల్ల పెట్టుకోని ఇంట్ల బురద ఉంచుకుంటమా బిడ్డా!" అంది. "మంచిపని చేశారు చిన్నమ్మా" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ బాధపడుతున్నాను.

ఆ వారం పాతబస్తీ పడిన కష్టం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. 13 రాత్రి బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి తొమ్మిది మంది చనిపోయారు. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీలో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ వైపు ఇళ్లను మళ్లీ ముంచింది. మనుషులు పోయిన చోట ఫ్రిజ్జుల లెక్క తీయడానికి నోరు రాదు. కానీ బతికినవాళ్లు మళ్లీ ఆ ఇంట్లోనే పొయ్యి వెలిగించాలి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి 50,000 ప్రకటించింది. మునిగిన ఇంట్లో మంచాలు, పరుపులు, బీరువా, మోటారు, వైరింగు మళ్లీ చేయించుకోవడానికి పదివేలు ఏ మూలకొస్తాయి?

చిన్నమ్మ ఉంటున్న మా ఇంటికి ఇన్సూరెన్స్ ఉందన్న సంగతి ఐదు వారాలకు గానీ బయటపడలేదు. తమ్ముడు పైఅంతస్తు కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు, సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో ఇంటికీ కొంత సామానుకూ కలిపి ఒక పాలసీ చేరింది. వాడు దాన్ని చదవలేదు, మాకు చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా వాడికి రాలేదు. అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్న కుటుంబాల్లో ఇలాంటి కాగితం ఉండీ తెలియనివాళ్లు ఎందరో. అప్పు తీరగానే అది ఆగిపోయినా తెలియనివాళ్లూ అంతే మంది ఉంటారు.

చివరికి బీమా కంపెనీ సర్వేయర్ వచ్చాడు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడిగాడు. గోడలు దసరాకు వేసిన సున్నంతో తెల్లగా మెరుస్తున్నాయి. పాడైన ఫ్రిజ్, కుట్టుమిషన్ చూపించమన్నాడు. అవి పాతసామాన్ల బండి ఎక్కి నెల దాటింది. రసీదులు తడిసి ముద్దయ్యాయి. ఫొటోలు ఏవన్నాడు. నేను ఆ రోజు కళ్లారా చూశాను, కానీ వీడియో కాల్ ఎక్కడా నిలవదు. వచ్చినాయన చెడ్డవాడేమీ కాదు, కనిపించినదే రాయాలి, అది ఆయన ఉద్యోగం. సామానుకు పైసా రాలేదు. గోడలకు, వైరింగుకు మాత్రం కొంత వచ్చింది. అదీ ఒక తలుపు పుణ్యమా అని.

అందుకే ఈ సంచికలో ఈ ఒక్క విషయం మీద రాస్తున్నాను. ఇల్లు మునిగితే మనవాళ్ల చేయి ముందు చీపురు మీదికి పోతుంది. లక్ష్మి ఉండే ఇల్లు మురికిగా ఉండకూడదనే సంస్కారం అది, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ బురద గీతే నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే సాక్షి. ఉబ్బిన ప్లైవుడ్ తలుపు, మోటారులో పేరుకున్న మట్టి, తడిసిన పుస్తకాల కట్ట, ఇవన్నీ సాక్షులే. కరెంటు మెయిన్ ఆపి లోపలికి వెళ్లాక, చీపురు పట్టకముందు ఒక అరగంట ఫోన్ పట్టుకోమని చెప్పండి. గేటు మీది ఇంటి నంబరుతో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, తేదీ పైకి చెబుతూ గదులన్నీ తిరగాలి. గోడ మీది గీత పక్కన టేపు పెట్టి ఫొటో తీయాలి. ఒక్కో వస్తువును ముందు గదితో కలిపి దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, ఆ తర్వాత వెనకున్న మోడల్ నంబరు కనబడేలా తీయాలి. మనకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ చెరిగిపోతాయి. అదే రోజు బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టాలి. ఆరోగ్యానికి ముప్పు తెచ్చేవి పారేయక తప్పదు. కానీ పారేస్తున్నామని రాసి, ఫొటో తీసి, ప్లైవుడ్ అయితే ఒక ముక్క విరిచి పక్కన పెట్టి, అప్పుడు పారేయాలి. మిగతావి సర్వేయర్ చూసేదాకా ఇంటి వెనక ఉంచాలి.

పాతబస్తీ ఇళ్లకు ఇంకో చిక్కుంది. షాలిబండ, హుస్సేనీ ఆలం, లాల్‌దర్వాజా వైపు డంగు సున్నం గోడలు, టేకు దూలాల ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ గోడలు నీళ్లలో నిలబడి, ఆరేటప్పుడు విడుస్తాయి. పగులు కొన్ని రోజులకు గానీ కనిపించదు, పెచ్చులు ఇంకా తర్వాత ఊడతాయి. కాబట్టి ఒక్కసారి ఫొటోలు తీసి ఊరుకుంటే చాలదు. అదే చోట నిలబడి వారానికోసారి తీయాలి. మేస్త్రీ ఇచ్చే ఎస్టిమేటు కూడా నోటిమాటగా కాక, ఏ గోడకు ఎంతో విడివిడిగా రాయించుకోవాలి.

"ఈ పగులు పాతదే" అని కంపెనీ అంటే? అక్కడే మన పాత్ర మొదలవుతుంది. సముద్రాలు దాటి వచ్చినవాళ్లం ఊళ్లో ఇంటికి ఏం చేయగలమని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పే అతి మంచి రికార్డు మన దగ్గరే ఉంది. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ ఫొటోలు తీసుకున్నాం. అమ్మ పక్కన నిలబడి తీసుకున్న ఫొటోలో వెనక టీవీ ఉంది, ఫ్రిజ్ ఉంది, పగులు లేని గోడ ఉంది. బతుకమ్మ పేర్చినప్పటి ఫొటోలో గచ్చు ఉంది. చెల్లెలి పెళ్లి వీడియోలో ఇల్లంతా ఉంది. ఆ పెళ్లి వీడియో సంగతి నాకు సర్వేయర్ వెళ్లిపోయాక గానీ తట్టలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పూట కూర్చుని ఇంటి పత్రం, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, పాలసీ, వస్తువుల రసీదులు స్కాన్ చేసుకుని రండి. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే, పేరు మార్పిడి పని కూడా అప్పుడే మొదలుపెట్టండి. క్లెయిమ్ వేళ అన్నదమ్ములు నలుగురూ నాలుగు దేశాల్లో ఉంటే సంతకాల దగ్గరే నెలలు గడుస్తాయి.

మా హ్యూస్టన్ వాళ్లకు 2017 ఆగస్టు హార్వే తుపాను నేర్పిన పాఠం ఒకటుంది. ఇక్కడ మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. పక్కనున్న కేటీలో ఇళ్లు మునిగిన మనవాళ్లలో కొందరికి ఆ సంగతి నీళ్లు వచ్చాకే తెలిసింది. హైదరాబాద్‌లో పరిస్థితి దీనికంటే నయం. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ అమ్మాల్సిన భారత్ గృహ రక్షా పాలసీలో అగ్నిప్రమాదం, భూకంపంతో పాటు వరద కూడా కలిసే ఉంటుంది. ఇల్లు కట్టడం మొత్తానికి బీమా చేస్తే, అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకు జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. నగలు అందులోకి రావు, విడిగా తీసుకోవాలి. బీమా లెక్క కట్టేది కట్టడం ఖర్చుకే. స్థలం ధర అందులో కలవదు, కాబట్టి ప్రీమియం గురించి మీరు భయపడుతున్నంత ఉండదు. తాళం వేసి ఉండే ఇళ్ల విషయంలో మాత్రం షరతులు చదవండి. అమ్మానాన్నలు మన దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఉండేటప్పుడు ఆ సంగతి కంపెనీకి ముందే రాసి పంపండి.

కాగితం లేదని క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది. ఆ సంస్థ కార్యాలయం హైదరాబాద్ పడమటి అంచున నానక్‌రామ్‌గూడలోనే ఉంది. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటినా న్యాయం జరగకపోతే లక్డీకాపూల్ దగ్గరి బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు అక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. మాకు ఆ గడువు ఉందని తెలిసేసరికి అది దాటిపోయింది.

హైదరాబాద్‌కు వరద కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత నగరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. అంతగా తలచుకోని పని మరొకటి కూడా జరిగింది. 1912, 1915 మధ్య లియొనార్డ్ మున్ ఆధ్వర్యంలో నగరాన్ని సందు సందునా కొలిచి పటాలు గీశారు. నూరేళ్లు దాటినా, ఏ ఇల్లు ఎక్కడుండేదో తెలుసుకోవడానికి పరిశోధకులు ఆ పటాలే తెరుస్తారు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ మళ్లీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. చాదర్‌ఘాట్ మూసానగర్‌లో జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. ఆ రాత్రి నేను చిన్నమ్మకు ఫోన్ చేస్తే "మా దిక్కు నీళ్లు రాలే బిడ్డా, ఫోన్ అయితే చార్జింగ్ పెట్టి ఉంచిన" అంది.

తలుపు సంగతి చెప్పాలి. 2020లో ఆ సర్వేయర్ వెళ్లిపోబోతుంటే, దేవుడి గది తలుపు గాలికి మూసుకుంది. ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు అది. దాని వెనక గోడకు సున్నం కుంచె అందలేదు. అక్కడ గోధుమరంగు గీత చెక్కుచెదరకుండా ఉంది. ఆయన సంచి దింపి, టేపు తీసి కొలిచాడు. మూడడుగుల రెండంగుళాలు. దాని మీదే గోడల లెక్క కట్టారు. ఇప్పటికీ ప్రతి దసరాకు ఇల్లంతా సున్నం వేయించినా, ఆ తలుపు వెనక జానెడు గోడను చిన్నమ్మ ముట్టనివ్వదు. గీత పక్కన పెన్సిలుతో తేదీ కూడా రాసి పెట్టింది.