ముంచిన నీళ్లు ఏ ఊటవి?

బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఊట బాగుచేతకు పోకూడదట. పోతే విగ్రహారాధన చేసినట్టేనట. ఈ మాట మా ఊళ్లోకి వచ్చి మూడేళ్లయింది. అది తప్పని బైబిలు పట్టుకునే వాదించాలని ఇది రాస్తున్నాను. నేనూ క్రైస్తవ ఇంట్లో పుట్టినదాన్నే. ఆ ఊట నీళ్లే చుట్టకుదురు మీద బిందె పెట్టి మోసి పెరిగినదాన్నే.

మాది పాడేరు ఏజెన్సీలో కొండవాలు మీద ఉన్న ఊరు. ఊరికి పైన రాతి సందులోంచి ఊట వస్తుంది. అదే కిందకు దిగి గెడ్డ అవుతుంది. ఒకప్పుడు జీలుగు దోనె ఉండేది. తర్వాత ప్రభుత్వం సిమెంటు తొట్టి కట్టి గ్రావిటీ పైపు వేసింది. ఏటా ఇటుకల పండుగకు ముందు ఇంటికొకరు పార, కత్తి పట్టుకుని పైకి వెళ్లేవారు. ఆకుచెత్త తీసి, బురద ఎత్తి, తుప్పలు కొట్టి, పశువులు తొక్కకుండా కంప వేసేవారు. పని అయ్యాక పూజారి కోడిని కోసి గంగమ్మకు మొక్కేవాడు. మా అమ్మానాన్నలు మొక్కేవారు కాదు. అందరితో సమానంగా పని చేసి, మొక్కు సమయానికి పక్కకు వచ్చి కూర్చునేవారు. ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే జరిగింది.

మూడేళ్ల కిందట కొత్తగా వచ్చిన పాస్టరు గారు, కోడి కోసే చోటికి పార పట్టుకుని పోయినా పాపమేనన్నారు. మా 18 ఇళ్లవాళ్లు మానేశారు. ఆ ఏడు మిగతావాళ్లు సణుక్కుంటూ చేశారు. మరుసటి ఏడు సగం చేసి వదిలేశారు. పోయిన ఏడు అసలు ఎవరూ వెళ్లలేదు. వానలకు తొట్టిలోకి బురద దిగింది. నా బడిలో 26 మంది పిల్లలుంటే, ఒకే వారంలో 11 మంది వాంతులు, విరేచనాలతో పడిపోయారు. రోగం ఎవరి మతమూ అడగలేదు. మనుషులు మాత్రం అడిగారు. ఊటకు వెళ్లిన మా వదినను, "మీ నీళ్లు మీ చర్చిలోనే పట్టుకోండి" అని ఖాళీ బిందెతో తిప్పి పంపారు.

పాస్టరు గారిని అడిగితే, "టీచరమ్మా, బైబిల్లో నీళ్లంటే ఆత్మీయ అర్థం. మీరు మట్టి నీళ్ల గురించి మాట్లాడుతున్నారు" అన్నారు. ఆత్మీయ అర్థం ఉందని నేనూ నమ్ముతాను. అయితే ఆ అర్థమే ఏమిటో చూద్దాం.

జీవజలం అనే మాట యేసు మొదట ఎక్కడ చెప్పాడు? గుడిలో కాదు, బావి గట్టు మీద. అదీ సమరయలో. యూదులు సమరయులతో కలిసేవారు కాదు, వాళ్ల పాత్ర ముట్టేవారు కాదు. అలాంటి చోట, మిట్టమధ్యాహ్నం, అలసిపోయి కూర్చున్న యేసు ముందు తానే చెయ్యి చాచాడు. వేరే ఆరాధన ఉన్న ఒక స్త్రీని తాగడానికి నీళ్లడిగాడు. ఇచ్చేవాడిగా కాదు, దాహం వేసిన మనిషిగా మొదలుపెట్టాడు. మా పెద్దలు ఈ కొండ మీదే ఆరాధించారని ఆమె అంది. మన అవ్వలు అనే మాటే కదా ఇది! ఆయన ఆమెతో ఏకీభవించలేదు, ఆ తేడాను దాచలేదు. కానీ తేడా ఉందని బావి దగ్గరి నుంచి లేచిపోలేదు. ఆ ఊరివాళ్లు పిలిస్తే రెండు రోజులు వాళ్ల మధ్యే ఉన్నాడు. మరి మన పాస్టరు గారికి మన ఊట దగ్గర నిలబడడానికి ఏమి అడ్డం?

ఆ కాలపు మనుషులకు జీవజలం అంటే మొదటి అర్థం పారే నీళ్లు, ఊట నీళ్లు. తొట్టిలో నిలవ ఉన్నవి కావు. అందుకే తొలినాటి క్రైస్తవుల చిన్న పుస్తకం డిడాకే, వీలైతే పారే నీళ్లలోనే బాప్తిస్మం ఇమ్మంటుంది. యేసు దీని మీదే ఆత్మీయ అర్థం నిలిపాడు. తానిచ్చే నీళ్లు తాగినవాడి లోపల ఊట పుడుతుందన్నాడు. ఊట గుణం ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? అది దాచుకోదు. పై ఇంటికీ కింది ఇంటికీ, మేకకూ మనిషికీ పారుతుంది. యిర్మీయా ప్రవక్త దీనికి ఎదురుగా బీటలు వారిన తొట్లను చూపించాడు. మనుషులు దేవుడనే ఊటను వదిలి, నీళ్లు నిలవని తొట్లు తొలుచుకున్నారని ఏడ్చాడు. నా నీళ్లు, నా జనం, నా గోడ అనుకునే విశ్వాసం ఆ తొట్టిలాంటిది. దానికి ఎన్ని ప్రార్థనలు పూసినా కారుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఇస్సాకు తండ్రి తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. ఇస్సాకు వాటిని మళ్లీ తవ్వించాడు. తండ్రి పెట్టిన పేర్లే మళ్లీ పెట్టాడు. తాతల నాటి ఊటలో మట్టి తీయడం పాపమైతే, ముందు ఆదికాండంలోంచి ఇస్సాకును తీసేయాలి. కొత్త బావుల దగ్గర జగడాలు వస్తే ఒకదానికి ఏశెకు అని పేరు పెట్టాడు. అంటే జగడం. మా ఊట పేరు ఇప్పుడు అదే.

మా అమ్మకు డెబ్బై దాటాయి. ఆమె పాస్టరు గారిని ఒకటే అడిగింది: "అయ్యా, నన్ను ముంచింది ఆ గెడ్డలోనే. ఆ నీళ్లు ఆ ఊటవే. ఊట అపవిత్రమైతే నా బాప్తిస్మం చెల్లిందా, చెల్లలేదా?" ఆయన ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు రెండో పక్షానికి ఒక మాట. మా వదినను ఖాళీ బిందెతో పంపినవాళ్లు గంగమ్మకు మొక్కేవాళ్లే. గంగమ్మ ఎప్పుడైనా మనిషిని చూసి ఆగిందా? దాహమైనవాళ్లకు నీళ్లు లేవనడం మన ఆచారం కాదు. అది మైదానం నుంచి మన కొండకు ఎక్కిన అంటరానితనం. చెరువు నీళ్లు తాగే హక్కు కోసం 1927లో అంబేడ్కర్ మహద్‌లో వేలమందితో నడవాల్సి వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావుల దగ్గర, చెరువుల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. పని ఎగ్గొట్టినవాళ్లను నిలదీయండి. నీళ్లు ఆపకండి.

మనం ఇలా కొట్టుకుంటుంటే సంతోషించేది ఎవరు? మన కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. ఆ పొరలే వాన నీళ్లను పీల్చుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతాయి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతపు భూములను ప్రైవేటు గనులకు ఇవ్వడం ఆగింది. అయినా ఆ కొండల మీద కన్ను పోలేదు. ఊట నోరు పూడితే పార చాలు. కొండ నెత్తినే తవ్వేస్తే ఏ పారా చాలదు. బలిసిన గొర్రెలు తేట నీళ్లు తాగి, మిగిలినవి కాళ్లతో కలకవేసి బక్క గొర్రెలకు వదిలేస్తున్నాయని యెహెజ్కేలు తిట్టాడు. ఆ ప్రసంగం మా చర్చిలో నేను ఒక్కసారీ వినలేదు. ఒక ఊట దగ్గర కలిసి నిలబడలేని మనం, ఆ కొండ కోసం కలిసి నిలబడతామా?

అందుకే ఈ ఏడు ఇటుకల పండుగకు ముందు నేను పార పట్టుకుని ఊటకు వెళ్తాను. కోడి కోయను, మొక్కను. మొక్కేవాళ్లను ఆపను. మా అమ్మ వస్తానంది. 18 ఇళ్లలో ఇప్పటికి ఐదు ఇళ్లవాళ్లు వస్తామన్నారు. మిగతావాళ్లను కూడా అడుగుతున్నాం.

తోటి ఉపాధ్యాయులారా, పిల్లలను ఒకసారి మీ ఊరి ఊట దగ్గరకు తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కడ పుట్టి ఎన్ని ఇళ్లకు పారుతున్నాయో వాళ్ల చేతనే పటం గీయించండి. ఆ పటంలో మతం గీతలు ఎక్కడ గీయాలో వాళ్లకు తెలియదు. మనమూ నేర్పవద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ దేవుడికి మొక్కినా మొక్కండి. ఊటకు మాత్రం పారతో రండి.