పట్టుకుపోయిన మనిషి పేరు ఎక్కడ రాసి ఉంటుంది?



రెండో షిఫ్టు వదిలే వేళకు యూనియన్ ఆఫీసు గడప దగ్గర ఎవరైనా తల్లో, భార్యో నిలబడి ఉంటే ఏదో జరిగిందని మాకు అర్థమైపోతుంది. "సాయంత్రం జీపులో ఎక్కించుకుపోయారట అన్నా. ఏ ఠాణాకో ఎవరూ చెప్పడంలేదు" అంటుంది. ఆమె అడిగేది బెయిలు గురించి కాదు, వకీలు గురించీ కాదు. మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే చాలు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలో ఈ సంచికలో రాస్తున్నాము. కత్తిరించి ఇంట్లో దాచుకోండి.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1990ల నడిమి కాలంలో, మేము ఇంకా మిల్లులో పని చేస్తున్న రోజుల్లో, విదర్భలోని ఒక మిల్లు గేటు దగ్గర సమ్మె జరిగింది. గేటు ముందు కూర్చున్న మనవాళ్ళు ఏడుగురిని వ్యానులో తీసుకుపోయారు. ఆ రాత్రి మేము మూడు ఠాణాలు తిరిగాము. రెండుచోట్ల లేరన్నారు. మూడోచోట రైటరు పుస్తకం తిరగేసి, "ఆ పేర్లవాళ్ళు లేరు" అన్నాడు. తెల్లారాక కోర్టు దగ్గర చూస్తే ఏడుగురూ అక్కడే ఉన్నారు. రాత్రంతా ఆ మూడో ఠాణాలోనే ఉన్నారట. అందులో ఒకాయనకు ఉబ్బసం. మందు బుడ్డీ మా జేబులోనే ఉండిపోయింది.

రైటరు అబద్ధం చెప్పాడని చాలాకాలం తిట్టుకున్నాము. తర్వాత తెలిసింది. మనం ఇంటిపేరు ముందు పెట్టి అడిగాము. మహారాష్ట్ర పుస్తకాల్లో ముందు మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పైగా మన ఇంటిపేర్లు వాళ్ళ చెవికి ఒకలా వినబడి, మరాఠీలో మరొకలా పడ్డాయి. తండ్రి పేరేమిటని అడిగితే ఏడుగురిలో ఇద్దరివి తప్ప మాకు తెలియలేదు. పదేళ్ళు పక్క పక్క మగ్గాల మీద పనిచేసినవాళ్ళం! ఆ రాత్రి పోలీసుల లోపం ఎంత ఉందో, మా లోపమూ అంత ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. రాజ్యాంగం 22వ అధికరణం మొదటినుంచీ మూడు మాటలు చెబుతోంది. అరెస్టు చేసినవాడికి కారణం చెప్పాలి. తన ఇష్టమైన వకీలుతో మాట్లాడనివ్వాలి. ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటల్లోగా దగ్గరి మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కాని ఇంటివాళ్ళకు కబురు చేయాలన్న మాట అందులో విడిగా లేదు. ఆ మాట కోర్టుల ద్వారా వచ్చింది, అదీ బాధపడినవాళ్ళ వల్లనే వచ్చింది.

1976లో ఎమర్జెన్సీ రోజుల్లో కేరళలో రాజన్ అనే ఇంజనీరింగు విద్యార్థిని పోలీసులు తీసుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ అధికారుల గుమ్మాలన్నీ తిరిగాడు. కొడుకు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ఎమర్జెన్సీ పోయాక 1977లో హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తేనే నిజం బయటపడింది. ఆ కేసు దెబ్బకు ముఖ్యమంత్రి కరుణాకరన్ గద్దె దిగాడు. కాని కొడుకు శవం కూడా ఆ తండ్రికి దక్కలేదు.

1994లో ఉత్తరప్రదేశ్‌లో జోగిందర్ కుమార్ అనే యువ వకీలును విచారణకని పిలిచి రోజుల తరబడి ఉంచుకున్నారు. ఇంటివాళ్ళకు ఆచూకీ లేదు. ఆయన కేసులో సుప్రీంకోర్టు ఏప్రిల్ 25న ఇచ్చిన తీర్పు ప్రకారం, అరెస్టయినవాడు కోరితే అతని బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి, ఎవరికి చేశారో డైరీలో రాయాలి. ఆ తర్వాత 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో పదకొండు ఆదేశాలు వచ్చాయి. పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడిపే బసు, లాకప్ చావుల మీద 1986లో రాసిన ఒక ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. అరెస్టు మెమో, సాక్షి సంతకం, వైద్యపరీక్ష ఇవన్నీ ఆ తీర్పులోవే. జిల్లా కంట్రోల్ రూములో అరెస్టుల వివరం కనబడే చోట బోర్డు మీద పెట్టాలన్న మాట కూడా అందులోనే ఉంది. ఉత్తరం రాస్తే ఏమవుతుందని పెదవి విరిచే సోదరులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ ఆదేశాల్లో ముఖ్యమైనవి తర్వాత చట్టంలోకి ఎక్కాయి. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. మనకు కావలసిన సెక్షన్లు నాలుగు.

36వ సెక్షన్: అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి. ఇంటివాళ్ళో, ఆ పేటలోని పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం చేయాలి. అరెస్టయినవాడూ సంతకం చేయాలి.

37వ సెక్షన్: ప్రతి జిల్లాలో పోలీసు కంట్రోల్ రూము ఉండాలి. ప్రతి ఠాణాలో, జిల్లాలో ఏఎస్ఐ హోదాకు తగ్గని అధికారి ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, నేరం ఏ రకమో ఆయన రాసి ఉంచాలి. ఆ వివరం ఠాణాలోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. బోర్డు మీదైనా సరే, కంప్యూటరు తెర మీదైనా సరే.

48వ సెక్షన్: అరెస్టయినవాడు ఎవరి పేరు చెబితే వారికి, అతన్ని ఎక్కడ ఉంచారన్నదానితో సహా, వెంటనే కబురు చేయాలి. చేసినట్టు ఠాణా పుస్తకంలో రాయాలి. అది జరిగిందో లేదో చూసుకోవడం మెజిస్ట్రేటు విధి.

58వ సెక్షన్: 24 గంటల గడువు.

48వ సెక్షన్‌లో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. కబురు బంధువుకే చేయాలని లేదు. స్నేహితుడికైనా, అతను చెప్పిన మరెవరికైనా చేయవచ్చు. మన సభ్యుల్లో చాలామందికి భార్యాబిడ్డలు ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఉంటారు. ఇక్కడ ఒంటరిగా గదుల్లో ఉండేవారు "మా యూనియన్ కార్యదర్శికి చెప్పండి" అని ధైర్యంగా అనవచ్చు. అది బతిమాలుకోవడం కాదు, హక్కు. యూనియన్ ఫోను నంబరు చీటీలో కాదు, నోటికి వచ్చి ఉండాలి. లోపలికి పోయేటప్పుడు జేబులు ఖాళీ చేయిస్తారు.

ఇక మనిషి కోసం వెతికే పద్ధతి.

మొదట, ఎక్కడనుంచి తీసుకుపోయారో ఆ చోటు ఏ ఠాణా కిందికి వస్తుందో తెలుసుకొని అక్కడికి పొండి. ఒక్కరు పోవద్దు, ముగ్గురు చాలు, ముప్పై మంది వద్దు. గొడవ చేయడానికి కాదు, అడగడానికి పోతున్నాము. పేరు మూడు విధాలా చెప్పండి: మన వరసలో, మరాఠీ వరసలో, వాడుక పేరుతో. తండ్రి పేరు, వయసు, ఇంటి చిరునామా చెప్పండి. బోర్డు ఎక్కడుందో అడగండి. బోర్డు మరాఠీలో ఉంటుంది కనుక నాలుగు మాటలు నేర్చుకోండి. అటక్ అంటే అరెస్టు, గున్హా అంటే నేరం, కలం అంటే సెక్షను, జామీన్ అంటే బెయిలు.

అక్కడ లేరంటే చంద్రపూర్ జిల్లా కంట్రోల్ రూములో అడగండి. 112కు కూడా ఫోను చేయవచ్చు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమి జవాబిచ్చారో కాగితం మీద రాసుకోండి. రేపు కోర్టులో పనికివచ్చేది ఆ కాగితమే.

మూడోది, ఎఫ్ఐఆర్. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటివి తప్ప మిగిలిన ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలి. ఇబ్బందులున్నచోట 72 గంటల దాకా గడువుంది. ఠాణా పేరు, తేదీ తెలిస్తే ఫోను పట్టడం వచ్చిన కుర్రాళ్ళు వెతికి తీస్తారు. కాని ఎఫ్ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన అరెస్టయినట్టు కాదు. అరెస్టయినవాడి పేరు అందులో ఉండాలనీ లేదు. రెండూ వేర్వేరు కాగితాలు.

నాలుగోది కోర్టు. మర్నాడు మెజిస్ట్రేటు ముందుకు తేవాలి కదా. పొద్దున్నే కోర్టు ఆవరణలో ఒక మనిషిని నిలబెట్టండి. రిమాండు అయితే జైలు పేరు అక్కడే తెలుస్తుంది. తర్వాత ఈ-కోర్టుల వెబ్‌సైటులో పేరుతోగాని, ఎఫ్ఐఆర్ నంబరుతోగాని కేసు ఎక్కడికి వచ్చిందో చూడవచ్చు.

ఐదోది, 24 గంటలు దాటినా జాడ లేకపోతే ఇక ఠాణాల చుట్టూ తిరగడం మానండి. మన జిల్లాకు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉంది. హెబియస్ కార్పస్ అక్కడ వేయాలి. వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత న్యాయసహాయానికి అర్హుల జాబితా ఉంది. స్త్రీలు, దళితులు, గిరిజనులు, కస్టడీలో ఉన్నవారితోపాటు పారిశ్రామిక కార్మికుడు కూడా అందులో ఉన్నాడు. ఫోను నంబరు 15100. సమాచార హక్కు చట్టం కింద కూడా, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతి అడిగితే 48 గంటల్లో జవాబివ్వాలి.

మరో కొత్త సంగతి మన తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, అరెస్టయినవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు వీలుకాకపోతే నోటితో చెప్పి, రిమాండుకు తీసుకుపోవడానికి కనీసం రెండు గంటల ముందైనా రాసి ఇవ్వాలి. లేకుంటే ఆ అరెస్టు, ఆ రిమాండు చెల్లవు. ఆ కేసు మన మహారాష్ట్రదే. మరాఠీ చదవడం రాని తెలుగు కార్మికుడు "నాకు తెలుగులో ఇవ్వండి" అని అడగవచ్చు. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేయకండి.

సమ్మె రోజుల్లో ఇంకో చిక్కు. నేరం జరగకుండా ముందుజాగ్రత్త అంటూ 170వ సెక్షన్ కింద పట్టుకుపోతారు. అప్పుడు ఎఫ్ఐఆర్ ఉండకపోవచ్చు. వెబ్‌సైటులో వెతికితే దొరకదు. అయినా అది అరెస్టే. మరో సెక్షనో మరో చట్టమో అనుమతిస్తే తప్ప 24 గంటలకు మించి ఉంచకూడదు. "ఊరికే కూర్చోబెట్టాం, అరెస్టు కాదు" అంటే, "అయితే ఇంటికి పంపండి" అనాలి.

ఇక ఈ బోర్డుకు రెండో ముఖం ఉంది. బోర్డు మీద పేరు చూసి పేటలో గుసగుసలు మొదలవుతాయి. మేస్త్రీ దాకా, యాజమాన్యం దాకా పోతుంది. అరెస్టు అంటే అనుమానం మాత్రమే. నేరం రుజువు కావాల్సింది కోర్టులో. మనవాళ్ళలోనే కొందరు "పోలీసులు ఊరికే పడతారా" అంటుంటారు. సమ్మెలో మనల్ని పట్టుకుపోయినప్పుడు ఊరు కూడా అదే మాట అంది. 1930 మే నెలలో షోలాపూర్ మిల్లు కార్మికులు వీధికెక్కినప్పుడు తెల్లవాళ్ళు మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌లను 1931 జనవరి 12న ఎరవాడలో ఉరితీశారు. ఆనాటి సర్కారు పుస్తకంలో వారు నేరస్థులు. ఈనాడు ఆ ఊరు వారిని తలచుకొని దండం పెడుతుంది. బోర్డు పెట్టమన్నది మనిషి మాయం కాకుండా కాపాడడానికి. పరువు తీయడానికి కాదు.

ఇందులో ఉద్యోగం సంగతి కూడా ఉంది. లోపలున్న రోజులను "చెప్పకుండా గైర్హాజరు" అని రాసి ఛార్జిషీటు ఇచ్చే అలవాటు మిల్లులకు ఉంది. కనుక మనిషి జాడ తెలిసిన రోజే అతని తరఫున సెలవు ఉత్తరం యాజమాన్యానికి స్పీడు పోస్టులో పంపి, రసీదు దాచాలి. ఈ పని ఇంటివాళ్ళ మీద వదలకుండా యూనియనే చేయాలి.

చివరగా మన ఇల్లు మనం చక్కబెట్టుకోవాలి. వచ్చే నెల 1వ తేదీ నుంచి ప్రతి శాఖలో ఒక రిజిస్టరు తెరుస్తున్నాము. సభ్యుని పూర్తి పేరు తెలుగులోనూ మరాఠీలోనూ, తండ్రి పేరు, ఊళ్ళో ఎవరికి కబురు చేయాలి, రోజూ వాడే మందులేమిటి అన్నవి అందులో రాయాలి. పికెటింగుకు పోయేవారి జాబితా పోకముందే రాయాలి, తిరిగొచ్చాక టిక్కు పెట్టాలి. అలాగే ప్రతి శాఖనుంచి ఇద్దరు తమ ఠాణాకు పోయి, 37వ సెక్షన్ బోర్డు ఉందా, తాజాగా రాసి ఉందా చూసి మాకు రాయండి. లేనిచోట జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు మర్యాదగా అర్జీ ఇద్దాము. అరెస్టు లేని రోజున అడిగితే అది పౌరుని ప్రశ్నగా వింటారు. అర్ధరాత్రి అడిగితే గొడవ అంటారు.

ఆనాడు మూడో ఠాణా మెట్ల మీద మేము పొద్దుదాకా కూర్చున్నాము. గోడకు అవతలే మనిషి ఊపిరాడక కూర్చున్నాడు. మా దగ్గర మందు ఉంది, తండ్రి పేరు లేదు. ఇంకోసారి అలా జరగకూడదు. రిజిస్టరులో మీ పేరు ఈ వారమే రాయించండి.