మీటరు చెప్పని మాట

గత మాసమున మన చాళ్లలోని యువకుడొకడు నా కొట్టునకు వచ్చి, "కాకా, స్పోర్ట్సు కారొకటి బేరానికి వచ్చింది. ఏడేండ్ల బండి, 18 వేల కిలోమీటర్లే తిరిగింది" అని సంతోషముతో చెప్పెను. బయానా కొరకు తల్లి నగలు కుదువబెట్టుటకు ఇంటిలో నిశ్చయమైనదట.

ఆ కోరికను నేను తప్పు పట్టను. కామాఠిపుర సందులలో పెరిగి, కష్టపడి చదివి, ఉద్యోగము సంపాదించిన పిల్లవాడు మంచి బండి నెక్కగోరుట నేరము కాదు. కాని ఒక్క అంకెను నమ్మి తల్లి బంగారమును తాకట్టు పెట్టుట వివేకము కాదు.

నా కొట్టులోని కాటాను తూనికలు కొలతల శాఖవారు నియమిత కాలమున పరీక్షించి ముద్ర వేయుదురు. చేతులు మారు కారు మీటరుకు అట్టి ముద్ర వేయువారు లేరు. పూర్వపు కార్లలో గేరు పెట్టె నుండి వచ్చు తీగ మీటరును త్రిప్పెడిది. తీగ నూడదీసినచో బండి ఎంత నడచినను అంకె కదలదు. అయిదంకెల మీటరు 99,999 దాటగానే సున్నకు వచ్చెడిది. నేటి కార్లలో ఆ లెక్క ఎలక్ట్రానిక్ చిప్పులో నుండును. దానిని మార్చు నేర్పరులును గలరు.

కావున అంకెకు సాక్ష్యము కావలెను. మొదటి సాక్ష్యము సర్వీసు బిల్లులు. వానిపై తేదీయు, ఆనాటి కిలోమీటర్లును ఉండును. తేదీలు ముందుకును, కిలోమీటర్లు వెనుకకును పోయినచో ఆ బేరము అక్కడనే ముగిసినది. రెండవ సాక్ష్యము బండి దేహము. స్టీరింగు తోలు నునుపెక్కి, పెడలు రబ్బర్లు అరిగి, డ్రైవరు సీటు అంచు క్రుంగియుండగా 18 వేలనుట నమ్మదగదు. మూడవది టైరు. దాని ప్రక్కన నాలుగంకెలు చూడుడు. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. తక్కువ తిరిగినదను బండికి కొత్త టైర్లున్నచో, ఏల మార్చితిరని అడుగుడు.

అంకె నిజమైనను పరీక్ష ముగియదు. మీటరు చక్రములు తిరిగిన దూరమునే చెప్పును. ఇంజను పడిన శ్రమను చెప్పదు. పెడ్డర్ రోడ్డు రద్దీలో గంటసేపు నిలిచిన బండికి ఇంజను అరుగును, అంకె కదలదు. స్పోర్ట్సు కారు తరచుగా ధనికుని రెండవ బండి. ఆదివారము మాత్రమే వెలికివచ్చుట నిజమే కావచ్చును. కాని ఊరక నిలిచిన బండికి రబ్బరు గొట్టములు బీటలువారును, సముద్రపు గాలికి అడుగుభాగము త్రుప్పు పట్టును. పందెముగా తోలినచో క్లచ్చి, బ్రేకులు కొద్ది దూరములోనే అరుగును. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వర్షము కురిసినప్పుడు ఈ నగరమున ఎన్నో కార్లు నీట మునిగినవి. ఏ వర్షకాలములో మునిగిన బండియైనను మునకను మీటరు చెప్పదు. తివాచీ క్రింద బురదను, సీటు పట్టాలపై త్రుప్పును వెదకవలెను.

ఆ యువకునికి తోడుగా, మెకానిక్కు పనిలో తల నెరసిన మన పెద్ద నొకరిని పంపితిని. పాత బిల్లులు అడుగగా అమ్మువాడు తడబడెను. తుదకు దొరికిన మూడేండ్లనాటి బిల్లుపై 41 వేలు వ్రాసియున్నది! బేరము మానిరి. నగలు ఇంటనే ఉన్నవి.

రాతిని మ్రోగించి చూచి గోడలో పెట్టు మేస్త్రీల సంతతి మనది. ఆ అలవాటును బండ్ల విషయమున ఏల విడువవలెను? యజమానులెందరు మారిరో, బ్యాంకు అప్పు తీరినదో ఆర్.టి.ఓ. రికార్డులో చూడుడు. వర్తకుని వద్ద కొన్నచో అతని అనుమతి పత్రమును అడుగుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమములు దానిని కోరుచున్నవి. బయానా ఇచ్చుటకు ముందు కాగితములతో సంఘమునకు రండు; పని తెలిసిన పెద్దలు చూచెదరు. అన్నిటికంటె ముఖ్యముగా, మీటరు అంకె సత్యమని అమ్మకపు పత్రములో వ్రాయించి సంతకము తీసికొనుడు. అమ్మువాడు వ్రాయుటకు జంకినచో, మీకు కావలసిన సమాధానము అదియే.