కుర్చీకి కూడా అద్దె కట్టాలా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం అత్తిలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. కోచింగ్‌కనో పరీక్షలకనో విజయవాడ, హైదరాబాద్ వెళ్తే సీనియర్ల గదుల్లో సర్దుకుంటాం. నలుగురుండే చోట ఏడుగురం. పడుకోడానికి చోటు దొరుకుద్ది గానీ చదువుకోడానికి దొరకదు. ఒకరు వండుతుంటారు, ఒకరు ఇంటికి ఫోన్ మాట్లాడుతుంటారు. ఎవర్నీ ఏమీ అనలేం, గదే అంత.

స్టడీ హాల్లో చేరిపోండి అంటారు అందరూ. ఏసీ, వైఫై, ఒక కుర్చీ. బాగానే ఉంటుంది. కానీ నెలనెలా ఆ కుర్చీకి కట్టేది అమ్మ కూలి డబ్బులు కదా. కాఫీ షాపులో పుస్తకం తెరిచేలోపే "ఏం తీసుకుంటారు?" అని వచ్చేస్తారు. పార్కులో ఎండెక్కేదాకానే.

అందుకే మేం చెప్పేది, ముందు ప్రభుత్వ లైబ్రరీకి వెళ్లండి. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం ఉంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. చిక్కడపల్లిలో లోపల చోటు లేక చెట్ల కింద కూడా కూర్చుని చదువుతారు. మనవాళ్లు చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు, మనల్ని రానిస్తారో లేదో అని. కూర్చుని చదువుకోడానికి ఫీజు లేదు. రిజిస్టర్లో పేరు రాసి లోపలికి వెళ్లడమే.

ఇది ఎవరో మన మీద దయ తలిచి ఇచ్చింది అనుకోకండి. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల పన్నుకి 80 రూపాయలు. పల్లెలో పంచాయతీకి కట్టే పన్ను మీద కూడా ఉంటుంది. ఇంటి దగ్గర రశీదు ఉంటే తీసి చూడండి. లైబ్రరీ గడప తొక్కని మన అమ్మానాన్నలు కూడా దానికి డబ్బు కడుతున్నారు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు వాళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టింది కూడా చదువు అందరికీ అందాలనే.

లోపాలు లేవని కాదు. శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తీస్తారు. పగలు మాకు కాలేజీ. సాయంత్రం తీసేసరికి మా హాస్టల్ అక్కచెల్లెళ్లకి లోపలికి వెళ్లిపోవాల్సిన టైమ్ అయిపోద్ది. అంటే వాళ్లకి లైబ్రరీ ఉన్నా లేనట్టే. ఈ మాట మీటింగుల్లో ఎవరూ ఎత్తరు ఎందుకో.

మధ్యాహ్నం కూడా తెరవాలని, పరీక్షల నెలల్లో రాత్రి తొమ్మిదిదాకా ఉంచాలని, ఆడపిల్లలకి హాస్టల్ నుంచి లైబ్రరీ పర్మిషన్ ఇవ్వాలని జిల్లా గ్రంథాలయ సంస్థకి, హాస్టల్ అధికారులకి అర్జీ రాస్తున్నాం. సంతకం పెట్టేవాళ్లు ఈ ఆదివారం లోపు పేరు, ఊరు, కాలేజీ పంపండి. సిటీలో ఉన్న అన్నలు, అక్కలు మీ దగ్గరి లైబ్రరీ ఎన్నింటికి తీస్తారో, మంచినీళ్లు, ఆడవాళ్లకి బాత్రూమ్ ఉన్నాయో లేదో రాయండి. వచ్చే నెల మావాళ్లు ఆరుగురు విజయవాడ వెళ్తున్నారు.