మొదటి బండికి ముందు మొదటి కాగితం

హెవీ లైసెన్సు చేతికి వచ్చిన ముస్లిం యువకుడికి మన పేటల్లో దొరికే తొలి సలహా ఒక్కటే. “ముందు ఏదో ఒక బండి ఎక్కు, చెయ్యి తిరగనీ, జీతం సంగతి తర్వాత చూద్దాం.” ఈ మాట చెప్పేవారు పరాయివారు కారు. తండ్రి, మామూ, మసీదు కమిటీలోని పెద్దమనిషి, ఇదే వృత్తిలో ఏళ్ల తరబడి నలిగిన చాచా. వారి ప్రేమను మేము శంకించడం లేదు. వారి సలహా మాత్రం తప్పని నిర్ద్వంద్వంగా చెబుతున్నాము. లారీ డ్రైవరు జీవితంలో మొదటి యజమాని ఎంపిక చిన్న విషయం కాదు. అతని నిద్ర, అతని అప్పు, అతని లైసెన్సు, రేపు జరగరానిది జరిగితే అతని భార్యాబిడ్డల కూడు, అన్నీ ఆ ఎంపికపై ఆధారపడి ఉంటాయి.

ఈ చర్చకు ఇబ్రహీంపట్నం కంటే తగిన చోటు లేదు. హైదరాబాదు నుండి విజయవాడ మీదుగా మచిలీపట్నం సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే ఆ దారిని కలుస్తుంది. తిరువూరు, భద్రాచలం, జగదల్‌పూర్, రాయపూర్ మీదుగా ఉత్తరాఖండ్ దాకా అది సాగుతుంది. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుండి ఇక్కడ బొగ్గు మండిస్తోంది; దాని బూడిద సిమెంటు కర్మాగారాలకూ ఇటుక బట్టీలకూ లారీల మీద వెళుతుంది. పక్కనే కొండపల్లి పారిశ్రామికవాడ, గ్యాసు, పెట్రోలు డిపోలు. కొద్ది దూరంలో విజయవాడ ఆటోనగర్. ఈ చక్రం మీద బతికే కుటుంబాల్లో మనవి ఎన్నో. స్టీరింగు పట్టేవాడు, క్లీనరు, మెకానిక్కు, పంక్చర్లు వేసేవాడు, ప్రతి వీధిలోనూ మనవాళ్లు కనిపిస్తారు.

ఇది ఇక్కడి విశేషం మాత్రమే కాదు. ముస్లిం శ్రామికులు రోడ్డు రవాణాలోనూ, వాహనాల మరమ్మతులోనూ ఎక్కువగా కేంద్రీకృతమై ఉన్నారనీ, ఒప్పంద పత్రం గానీ సామాజిక భద్రత గానీ లేని పనుల్లోనే వారిలో అధికులు మిగిలిపోయారనీ 2006లో సచార్ కమిటీ నివేదిక గుర్తించింది. మన రాష్ట్రంలో 2007 నుండి బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. అది విద్యాలయాలకూ ప్రభుత్వ ఉద్యోగాలకూ వర్తిస్తుంది. లారీ ఆఫీసు గుమ్మం దగ్గర దాని ప్రస్తావన ఉండదు. అక్కడ మన యువకుడిని కాపాడేది రిజర్వేషన్ కాదు, ఒక కాగితం.

నోటిమాట ఎవరికి లాభం?

“మనోడే భాయ్, కాగితాలెందుకు?” అన్న మాటతో ఎన్నో ఉద్యోగాలు మొదలవుతాయి. బండి క్షేమంగా తిరిగొచ్చినంత కాలం ఆ మాట చెల్లుతుంది. ప్రమాదం జరిగిన రోజున దాని విలువ తేలిపోతుంది. పనిలో ఉండగా మరణించిన లేదా అవయవం కోల్పోయిన డ్రైవరుకు పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. నేడు ఆ హక్కు సామాజిక భద్రతా కోడ్‌లో భాగమైంది. యజమానికి ఒక్క బండే ఉన్నా ఈ బాధ్యత తప్పదు. అయితే ఆ కుటుంబం మొట్టమొదట రుజువు చేయవలసింది, మరణించినవాడు ఫలానా యజమాని దగ్గర జీతానికి పనిచేశాడన్న సంగతి. జీతం చేతికి నగదుగా వచ్చింది. సంతకం ఎక్కడా లేదు. నియామక పత్రం లేదు. “ఆ రోజు వాడు నా డ్రైవరు కాడు, స్నేహితుడి బదులు ఎక్కాడు” అని యజమాని అంటే, ఇద్దత్‌లో ఉన్న వితంతువు ఎవరిని సాక్షిగా తీసుకురావాలి?

మరో మోసం ఇంతకంటే సూక్ష్మమైనది. పరిహారాన్ని నెల జీతాన్ని బట్టి లెక్కిస్తారు. ప్రయాణ భత్యం ఆ లెక్కలోకి రాదు. అందుచేత జీతం తక్కువ రాసి, మిగిలినదంతా బత్తా పేరిట ఇచ్చే యజమాని, ఈ రోజు జేబు నింపినట్టే కనిపించి రేపటి పరిహారాన్ని కోసేసినట్టవుతుంది. కొత్త డ్రైవరు “మొత్తం ఎంత వస్తుంది?” అని అడుగుతాడు. అతడు అడగవలసింది “అందులో జీతం ఎంత, బత్తా ఎంత?” అని. ఆ జీతం బ్యాంకు ఖాతాలోనో ఫోన్‌పేలోనో పడాలి. ఆ ఒక్క జమ, నలుగురు సాక్షుల పెట్టు.

బండి పత్రాలు చూడకుండా తాళం తీసుకోరాదు. ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్ తేదీలు చూడాలి. పాలసీలో జీతానికి పనిచేసే డ్రైవరు, క్లీనరు బాధ్యత చేరి ఉందో లేదో చదివించుకోవాలి. లైసెన్సు తరగతి బండికి సరిపోవాలి. మొత్తం బరువు 7,500 కిలోలకు లోబడిన రవాణా వాహనాన్ని లైట్ మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న చెప్పింది. పన్నెండు టైర్ల బండికి ఆ తీర్పు అక్కరకు రాదు. గ్యాసు, పెట్రోలు ట్యాంకరుకైతే ప్రమాదకర సరకుల శిక్షణ పొంది, అది లైసెన్సుపై నమోదై ఉండాలి. “ఈ ఒక్క ట్రిప్పుకు ఏం కాదులే” అనే యజమాని, ఆ ట్రిప్పులో ఏమైనా అయితే మన పక్కన నిలబడడు.

అడ్వాన్సు అనే ఉచ్చు

చెల్లెలి నికాహ్, తండ్రి ఆపరేషన్, ఇంటి అద్దె. అవసరం ఏదైనా, మొదటి యజమాని దగ్గర పెద్ద మొత్తం అడ్వాన్సు తీసుకోవడం మన కుర్రాళ్లకు అలవాటైంది. అడ్వాన్సు ఎక్కువ ఇచ్చేవాడే మంచి యజమాని అని ఇంట్లో పెద్దలు కూడా సంబరపడతారు. మేము దీన్ని తలకిందులుగా చూడమంటున్నాము. అడిగిన వెంటనే వేలకు వేలు అడ్వాన్సు ఇచ్చేవాడు డ్రైవరును కొనుక్కుంటున్నాడేమో అనుమానించాలి. టైరు పగిలితే ఆ ఖాతాలోకి, జరిమానా పడితే ఆ ఖాతాలోకి, సరకు తరుగు వస్తే ఆ ఖాతాలోకి. అప్పు తీరదు. అప్పు తీరేదాకా మరో బండి ఎక్కడానికి వీల్లేదు. అడ్వాన్సు కారణంగా మనిషి మరో చోట పనిచేసే స్వేచ్ఛను కోల్పోతే దానికి 1976 నాటి చట్టం పెట్టిన పేరు వెట్టిచాకిరి. పాలేరుతనం పోయిందనుకుంటున్నాం. అది స్టీరింగు వెనక కూర్చుంది.

హామీగా ఒరిజినల్ లైసెన్సు తన దగ్గర ఉంచమనే యజమాని గడప తొక్కవద్దు. రోడ్డు మీద అధికారి అడిగితే చూపవలసింది డ్రైవరు. ఆ పత్రం డ్రైవరు సొత్తు, బీరువాలో తాకట్టు వస్తువు కాదు.

ట్రిప్పుకింత, టన్నుకింత

ట్రిప్పుకు ఇంత అని మాత్రమే కూలి కట్టే చోట కొత్త డ్రైవరు చేరకూడదన్నది మా అభిప్రాయం. బూడిద బండ్లయినా, ఇసుక, కంకర బండ్లయినా ఇదే మాట. ట్రిప్పుల లెక్క మనిషి చేత నిద్రను అమ్మిస్తుంది. అనుభవం ఉన్నవాడికైనా అది ప్రమాదమే, రోడ్డు ఇంకా అలవాటు కాని ఇరవై రెండేళ్ల కుర్రవాడికి అది ప్రాణాంతకం. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని హద్దు గీసింది. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి, వారానికి ఒక సెలవు అని రాసింది. అరవై ఏళ్లకు పైగా ఆ హద్దు కాగితం మీదనే నిలిచింది.

2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో నియామక పత్రం ఇవ్వడం యజమాని విధిగా చేరడం మంచిదే. అయితే పాత చట్టం ఐదుగురు కార్మికులున్న రవాణా సంస్థకే వర్తించగా, కొత్త కోడ్ ఆ హద్దును పదికి పెంచింది. రెండు, మూడు బండ్ల యజమానుల దగ్గర పనిచేసే మన పిల్లల్లో అనేకులు దీనితో చట్టం నీడ నుండి జారిపోయారు. చట్టం వదిలేసిన చోట సొంత ఒప్పంద పత్రం మరింత అవసరం.

అధిక లోడు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు ఇరవై వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు జరిమానా. పది టన్నులు ఎక్కువైతే నలభై వేలు. లోడు నింపించింది యజమాని, కిరాయి తీసుకుంది యజమాని. జరిమానా మాత్రం డ్రైవరు ఖాతాలో పడుతుంది. నిజానికి అధిక లోడు యజమానికి తెలిసే, అతని ఆదేశం మీదనే జరిగిందని కోర్టు భావించవచ్చునని అదే చట్టంలోని 113వ సెక్షన్ చెబుతోంది. కాటా చీటీని ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోవడం ప్రతి కొత్త డ్రైవరు మొదటి రోజు నుండి నేర్వవలసిన విద్య.

టార్పాలిన్ కింద ఏముంది?

ఈ ప్రశ్న అందరు డ్రైవర్లకూ ఉంది. ముస్లిం డ్రైవరుకు దానిలో మరో అర్థం ఉంది. 2015 అక్టోబరులో ఉధంపూర్ దగ్గర ఆగి ఉన్న కశ్మీరు లారీ మీద, గోవధ వదంతుల నేపథ్యంలో పెట్రోలు బాంబులు విసిరారు. బండిలో ఉన్న యువకుడు ఆ గాయాలతో మరణించాడు. మూక దాడుల నివారణకు సుప్రీంకోర్టు 2018 జూలైలో ప్రభుత్వాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి అమలు కోసం పోరాడుతూనే ఉండాలి. అంతవరకు మన బిడ్డను ఒంటరిగా రాత్రి రోడ్డు మీదికి పంపే యజమాని, ఆ సరకు ఏమిటో, దాని పత్రాలు ఎక్కడున్నాయో చెప్పి తీరాలి. పశువుల రవాణా అయితే పశువైద్యుని ధ్రువపత్రంతో సహా ప్రతి కాగితం బండిలో ఉండాలి. “పోలీసులతో మేము మాట్లాడుకుంటాం” అన్న హామీ కాగితం కాదు. పేరు చూసి అనుమానించే లోకంలో, లేని కాగితానికి మూల్యం చెల్లించేది ఆ పేరున్నవాడే.

“కొత్తవాడు ఇన్ని అడిగితే ఎవడు పెట్టుకుంటాడు?”

ఈ అభ్యంతరం మాకు తెలుసు. దీనిలో నిజం ఉంది. ఒంటరిగా నిలిచిన కొత్త డ్రైవరుకు బేరమాడే శక్తి లేదు. అందుకే మేము ఈ మాటలు అతనితో మాత్రమే అనడం లేదు, అతన్ని పంపే పెద్దలతో అంటున్నాము. ఒక కుర్రవాడిని ఫలానా బండికి సిఫారసు చేసే ప్రతి పెద్దమనిషీ, ఆ ఒప్పంద పత్రం మీద సాక్షి సంతకం చేయాలి. చేయలేనివాడు సిఫారసు చేయకూడదు. జీతం, బత్తా, వారపు సెలవు, అడ్వాన్సు, కోతలకు హద్దు, బీమా. ఈ ఆరు అంశాలతో ఒక పేజీ నమూనా పత్రం ప్రతి మసీదు కమిటీ దగ్గర, ప్రతి యువజన సంఘం దగ్గర ఉండాలి.

కాగితం అడగడం అపనమ్మకమని నొచ్చుకునే మన యజమానులకు ఒక మాట. గడువు పెట్టుకున్న రుణాన్ని రాసుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతు విశ్వాసులనే ఆదేశించింది. శ్రామికుడి చెమట ఆరేలోపు వేతనం అందాలన్నది దైవప్రవక్త (స) బోధ. విశ్వాసుల మధ్య రాత అవమానమైతే ఆ ఆదేశం ఎందుకు వచ్చింది? సోదరభావం పేరు చెప్పి సోదరుడి హక్కును ఎగవేయడం కంటే పెద్ద అవమానం మరొకటి లేదు. ముస్లిం యజమాని ముస్లిం డ్రైవరుకు ఇవ్వవలసింది సెలవులో జుమా నమాజు మాత్రమే కాదు, నెల మొదటి వారంలో ఖాతాలో జీతం కూడా.

ప్రభుత్వాలను కూడా వదలలేము. సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవారికి 2019లో వాహన మిత్ర వచ్చింది. 2025 అక్టోబరులో “ఆటో డ్రైవర్ల సేవలో” పేరిట పదిహేను వేల రూపాయలు వచ్చాయి. వారికి అందడం న్యాయమే. మరొకరి లారీ నడిపే జీతగాడి పేరు ఏ జాబితాలో ఉంది? మైనారిటీల ఆర్థిక సంస్థ హెవీ డ్రైవింగు శిక్షణకు తోడ్పడాలి. శిక్షణ పొందినవారిని నియామక పత్రం ఇచ్చే యజమానుల దగ్గరికే పంపాలి. కార్మిక శాఖ ఇబ్రహీంపట్నం, కొండపల్లి, ఆటోనగర్ లారీ ఆఫీసుల్లో పని గంటల తనిఖీ మొదలుపెట్టాలి. ఏడాదికి ఇరవై రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలోనూ, ఈ-శ్రమ్‌లోనూ ప్రతి డ్రైవరు పేరు నమోదు చేయించడం మన సంఘాలు ఈ నెలలోనే చేయగల పని.

అప్పటిదాకా తల్లిదండ్రులకు మా విన్నపం. కూతురి సంబంధం చూసేటప్పుడు ఎన్ని విషయాలు విచారిస్తారో, కొడుకు మొదటి యజమాని గురించి కూడా అన్నీ విచారించండి. అతని దగ్గర పాత డ్రైవర్లు ఎంతకాలం నిలిచారో కనుక్కోండి. మానేసినవారిని కలిసి, లెక్క తేల్చి పంపాడా లేదా అడగండి. ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు, ఇంకో నెల క్లీనరుగా వెళ్లినా ఫరవాలేదు. సంతకం లేని బండి తాళం మాత్రం మీ ఇంటికి తేనివ్వకండి.