ఒంటికి పట్టే ఆకుకూర

కృష్ణా లంకల్లో పండే తోటకూర, గోంగూర, బచ్చలి విజయవాడ రైతుబజార్లలో ఏడాది పొడుగునా దొరుకుతాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కారణాలు అనేకం. ఆకుకూరల్లో ఇనుము, ఫోలేట్ ఉన్నా, ఆ ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ దానికి సాయపడుతుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ అడ్డుపడుతుంది. కెరోటిన్ పట్టాలంటే తాలింపులో కాస్త నూనె ఉండాల్సిందే. తరిగాక కడిగితే విటమిన్లు నీళ్లపాలే. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని అందనివ్వవు. ఆ విషయంలో పెరటి మునగాకే నయం, అదీ దాదాపు ఉచితంగా! బడి భోజనంలో, అంగన్‌వాడీల్లో మునగాకు పప్పుకు క్రమం తప్పకుండా చోటివ్వాలి.